3800 సూపర్‌చార్జ్‌డ్ ఇంజన్‌కి అల్యూమినియం ఫ్రేమ్ ఇన్‌టేక్ గాస్కెట్లు: కొనచ్చా, ఇంట్లో వేసుకోవచ్చా?

పాంటియాక్ గ్రాండ్ ప్రీ జీటీపీ, బానవిల్ ఎస్‌ఎస్‌ఈఐ, బ్యూక్ రీగల్ జీఎస్, పార్క్ అవెన్యూ అల్ట్రా. పేర్లు వేరైనా వీటి బానెట్ కింద ఉన్న ఇంజన్ ఒకటే: జీఎమ్ (జనరల్ మోటార్స్) 3800 సిరీస్ 2, సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే యంత్రం) ఉన్న ఎల్67 రకం. 3.8 లీటర్ల వీ6, 240 హార్స్‌పవర్, నెత్తిన ఈటన్ ఎం90 సూపర్‌చార్జర్. ఇనుప బ్లాకు, దాని మీద సిలిండర్లను మూసే ఇనుప హెడ్లు, గొలుసుతో తిరిగే క్యామ్. లోపలి భాగాలు అంత తేలిగ్గా అరగవు. కానీ ఈ ఇంజన్‌కి ఒక బలహీనత ఉంది. సిలిండర్లకు గాలి పంచే లోయర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కీ హెడ్లకీ మధ్య, లీకు కాకుండా ఫ్యాక్టరీలో పెట్టిన నైలాన్ ఫ్రేమ్ గాస్కెట్లే ఆ బలహీనత. అమెరికాలో ఎమ్మెస్‌కి వచ్చిన మన పిల్లలు ఇలాంటి పాత బ్యూక్‌లు, పాంటియాక్‌లు తక్కువ ధరకు దొరికాయని కొంటుంటారు. కొన్న కొన్నాళ్లకే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గడం మొదలవుతుంది, కింద చూస్తే చుక్క ఉండదు. చాలామంది ఎదుర్కొనే సమస్య ఇదే.

ఆ నైలాన్ గాస్కెట్ల స్థానంలో జీఎమ్ తర్వాత అల్యూమినియం ఫ్రేమ్ గాస్కెట్లు తెచ్చింది. ఈ రివ్యూ వాటి గురించి. తీర్పు ముందే చెప్పేస్తాను: కొనండి, నైలాన్ రకం ఉచితంగా ఇచ్చినా వేయకండి. కాకపోతే గాస్కెట్ మంచిదైనంత మాత్రాన పని నిలబడదు. ఈ పని చెడిపోయిన చోట్ల సాధారణంగా కారణం గాస్కెట్ పక్కన ఉండే చిన్న చిన్న భాగాల్లోనే ఉంటుంది. వాటికి ఇక్కడ ఎక్కువ చోటిస్తున్నాను.

నైలాన్ ఎందుకు పోతుంది

పాత గాస్కెట్‌ది నైలాన్ చట్రం. దాని మీద పోర్టుల (గాలీ కూలెంటూ పోయే రంధ్రాల) చుట్టూ సిలికాన్ గీత. ఇంజన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఇనుప హెడ్డు ఒక లెక్కన, అల్యూమినియం మానిఫోల్డ్ ఇంకో లెక్కన సాగుతాయి. మధ్యలో నలిగేది ఈ గాస్కెట్. ఏళ్ల తరబడి వేడికి నైలాన్ మెత్తబడి అణిగిపోతుంది. బోల్టు కదలకపోయినా దాని బిగువు తగ్గిపోతుంది. తర్వాత అదే నైలాన్ పెళుసై, కూలెంట్ పోర్టు అంచున చీలుతుంది. పాత గాస్కెట్ బయటికి తీశాక మూలల్లోని కూలెంట్ పోర్టుల దగ్గర చూడండి. గాలి పోర్టుల చుట్టూ గీత ఇంకా ఎత్తుగానే ఉంటుంది, కూలెంట్ రంధ్రం చుట్టూ మాత్రం చదునై, అంచు బొగ్గులా నల్లబడి, గోటితో గిల్లితే పెళ్లలుగా రాలుతుంది.

కూలెంట్ మీద కూడా అప్పట్లో పెద్ద గొడవే నడిచింది. 1996 మోడళ్ల నుంచి జీఎమ్ నింపిన నారింజ రంగు డెక్స్‌కూల్‌లోని ఆర్గానిక్ యాసిడ్ ఈ గాస్కెట్లను తినేస్తోందని వాహనదారులు కోర్టుకెక్కారు. 2008లో జీఎమ్ పరిహారానికి ఒప్పుకుంది. కూలెంట్ తప్పెంత, గాస్కెట్ తప్పెంత అన్న వాదన ఎలా ఉన్నా, వైద్యం మాత్రం ఒకటే: ఫ్రేమ్ మారాలి.

అల్యూమినియం ఫ్రేమ్ అణగదు. రబ్బరు గీత ఎంత నలగాలో అంత నలిగాక లోహం లోహానికి ఆనుతుంది, బోల్టు బిగువు అక్కడ నిలబడిపోతుంది. దీని అసలు గొప్ప ఇదే. మానిఫోల్డ్‌తో పాటే సాగి ముడుచుకునే లోహం కావడం ఇంకో లాభం.

సూపర్‌చార్జర్ ఉంటే తేడా ఏమిటి

మామూలు ఇంజన్‌లో మానిఫోల్డ్ లోపల ఎప్పుడూ ఎంతో కొంత వాక్యూమే ఉంటుంది. ఎల్67లో అలా కాదు. కారు ఊరికే తిరుగుతున్నప్పుడు బైపాస్ వాల్వు తెరిచి ఉంటుంది కాబట్టి కింద వాక్యూమ్ ఉంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే బైపాస్ మూసుకుని అదే చోట ఏడెనిమిది పీఎస్‌ఐ ఒత్తిడి పుడుతుంది. అంటే గాస్కెట్‌ని కాసేపు లోపలికి లాగుతుంది, కాసేపు బయటికి తోస్తుంది. లీకు లక్షణాలు కూడా రెండు రకాలుగా కనిపించేది అందుకే. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) లెక్కపెట్టని గాలి లోపలికి చొరబడి మిశ్రమం పలచబడుతుంది, పీ0171 కోడ్ రావచ్చు. బూస్టులో, అంటే సూపర్‌చార్జర్ ఒత్తిడి ఉన్నప్పుడు, సెన్సర్ లెక్కపెట్టిన గాలే బయటికి పోయి మిశ్రమం చిక్కబడుతుంది. స్కానర్‌లో ఐడిల్ దగ్గర ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనానికి చేసే సవరణ) బాగా ప్లస్‌లో ఉండి, వేగం పెంచగానే సున్నా వైపు దిగివస్తుంటే ముందుగా అనుమానించాల్సింది ఈ గాస్కెట్లనూ వాక్యూమ్ గొట్టాలనూ.

సూపర్‌చార్జర్ లేని ఎల్36 ఇంజన్‌కి ఇంకో జబ్బుంది. దాని పైన ఉండేది ప్లాస్టిక్ అప్పర్ ప్లీనం (గాలి పెట్టె). పొగను కొంత తిరిగి లోపలికి పంపే వేడి ఈజీఆర్ గొట్టం పక్కన అది కరిగి, కూలెంట్ నేరుగా సిలిండర్లలోకి పోతుంది. ఎల్67కి ఆ ప్లాస్టిక్ ముక్కే లేదు, సూపర్‌చార్జర్ నేరుగా అల్యూమినియం మానిఫోల్డ్ మీద కూర్చుంటుంది. కాబట్టి ఎల్36 వీడియో చూసి ఎల్67 మీద పని మొదలుపెట్టకండి. మీది ఏదో తెలియకపోతే విన్ నంబర్‌లో (కారు గుర్తింపు నంబర్‌లో) ఎనిమిదో అక్షరం చూడండి. 1 ఉంటే ఎల్67, కె ఉంటే ఎల్36. 2004లో కొత్త గ్రాండ్ ప్రీతో వచ్చిన 260 హార్స్‌పవర్ ఎల్32 వేరే ఇంజన్. దాని సూపర్‌చార్జర్ తరమే వేరు, పార్టులు అడిగేటప్పుడు సంవత్సరం తప్పకుండా చెప్పాలి.

పెట్టెలో ఏముంటుంది, ఏముండదు

పెట్టె మీది బొమ్మను నమ్మొద్దు. కౌంటర్ దగ్గరే తెరిచి ముక్క చేతిలోకి తీసుకుని చూడండి. అల్యూమినియం ఫ్రేమ్ అయితే అంచు లోహపు మెరుపుతో ఉంటుంది, సన్నగా ఉన్నా గట్టిగా ఉంటుంది. నల్లగానో గోధుమ రంగులోనో ఉండి వేలితో నొక్కితే స్ప్రింగులా వంగితే అది నైలాన్, తిరిగిచ్చేయండి. ధరలో తేడా ఉన్నా, మళ్లీ ఇదంతా ఊడదీసే శ్రమ ముందు అది లెక్కలోకి రాదు.

ఈ గాస్కెట్ మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. ఫ్రేమ్ సన్నం కావడంతో కొరియర్‌లో పెట్టె నలిగితే ఇదీ వంగుతుంది. నైలాన్ వంగినా తిరిగి సర్దుకుంటుంది, అల్యూమినియం ఒకసారి మడత పడితే ఆ మడత పోదు. అద్దం మీద గానీ చదునైన రాతి మీద గానీ పరిచి, నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూడండి. చేత్తో సరిచేసి వేద్దామనుకోవద్దు, ఆ మడత దగ్గర రబ్బరు గీత సరిగ్గా నలగదు.

రెండో ఫిర్యాదు, సెట్టు పూర్తిగా రాదు. ఎల్36 పేరుతో అమ్మే పెద్ద సెట్టులో ప్లాస్టిక్ ప్లీనం గాస్కెట్లు వస్తాయి, మనకు వాటితో పని లేదు. సూపర్‌చార్జర్ కింద వేసే గాస్కెట్ అందులో ఉండదు. మానిఫోల్డ్ ముందూ వెనకా వేసే రబ్బరు ఎండ్ సీళ్లు కొన్ని పెట్టెల్లో ఉంటాయి, కొన్నింట్లో ఉండవు. పని మొదలుపెట్టే ముందే చేతిలో ఉండాల్సినవి ఇవి: లోయర్ ఇన్‌టేక్ గాస్కెట్లు రెండు, ఎండ్ సీళ్లు రెండు, సూపర్‌చార్జర్ గాస్కెట్, థ్రాటిల్ బాడీ గాస్కెట్, థర్మోస్టాట్ దాని సీలుతో సహా, ఇంజెక్టర్లకు పైనా కిందా వేసే ఓ-రింగులు ఆరు జతలు, కూలెంట్ ఎల్బోలు (వంపు గొట్టాలు) రెండు, ఆయిల్‌ని తట్టుకునే ఆర్‌టీవీ సిలికాన్ (ఆరి రబ్బరులా గట్టిపడే సీలెంట్) ట్యూబు, నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా మరలకు వేసే జిగురు), సూపర్‌చార్జర్ ఆయిల్, ఇంజన్ ఆయిల్ రెండు మార్పులకు సరిపడా, ఫిల్టర్లు రెండు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్.

ముందు రోగం ఖాయం చేసుకోండి

కూలెంట్ తగ్గుతోందంటే అది ఈ గాస్కెట్టే అని రూలేం లేదు. ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ తెచ్చుకోవచ్చు, తిరిగిస్తే డబ్బు మొత్తం వాపసు వస్తుంది. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత స్థానంలో బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా పంపు కొట్టి పావుగంట ఆగండి. ముల్లు దిగుతూ ఉంటే టార్చి పట్టుకుని మానిఫోల్డ్ నాలుగు మూలలూ, ఆల్టర్నేటర్ కింద ఎల్బోలూ, వాటర్ పంపూ చూడండి. ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగుతుంటే కూలెంట్ లోపలికి పోతున్నట్టే. ఆయిల్ మూత తెరిచి, డిప్‌స్టిక్ తీసి చూడండి. చలికాలంలో మూత కింద పలచటి తెల్ల నురగ తేమ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం ఇక ఆ ఇంజన్ స్టార్ట్ చేయకండి. కూలెంట్‌లోని గ్లైకాల్ కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

హెడ్ గాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండేది) అనుమానం తీరాలంటే బ్లాక్ టెస్టర్ వాడండి. రేడియేటర్ మీద పెడితే, మండిన వాయువు తగిలినప్పుడు నీలం ద్రవం పసుపు రంగుకు మారుతుంది. రంగు మారితే కథ హెడ్ గాస్కెట్ దాకా పోయినట్టు, ఈ సెట్టు కొని లాభం లేదు.

ఊడదీయడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీయండి. 1997 తర్వాతి పార్క్ అవెన్యూలో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) మీది ష్రేడర్ వాల్వు (టైరు వాల్వు లాంటిది) దగ్గర గుడ్డ అడ్డం పెట్టి ఒత్తిడి వదలండి. కూలెంట్ కింద గిన్నెలోకి దించండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి, గిన్నె అలా వదిలేయకండి. సూపర్‌చార్జర్ బెల్టు ముందు, యాక్సెసరీ బెల్టు తర్వాత. ఆపైన ఎయిర్ ఇన్‌టేక్ గొట్టం, కేబుళ్లు, ఇంజెక్టర్ కనెక్టర్లు, ప్లగ్ వైర్లు. ప్రతిదానికీ టేపు మీద నంబరు రాసి అంటించండి. వాక్యూమ్ గొట్టాలు ఈ వయసుకి పెళుసెక్కి ఉంటాయి, విరిగినవి విరిగినట్టే మార్చేయండి. ఫ్యూయల్ రైలుని ఇంజెక్టర్లతో సహా పైకి లేపి పక్కన పెట్టొచ్చు.

సూపర్‌చార్జర్ బరువైన ముక్క, బానెట్ మీదుగా వంగి ఒక్కరే లేపితే నడుము పట్టేస్తుంది. ఇద్దరు పట్టుకోండి. బయటికి రాగానే దాని ముందూ కిందా ఉన్న నోళ్లను టేపుతో మూసేయండి. రోటర్ల మధ్య సందు చాలా తక్కువ. ఒక్క చిన్న వాషర్ లోపల పడినా సూపర్‌చార్జర్ పోయినట్టే. అది బయట ఉన్నప్పుడే పుల్లీని చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. రోటర్లు కదలకముందే పుల్లీ కాస్త ఆడుతుంటే ముక్కు లోపలి ప్లాస్టిక్ కప్లర్ అరిగిందన్నమాట. ఐడిల్‌లో వినిపించే గలగల శబ్దం దాని పుణ్యమే. ఇప్పుడు మార్చడం సులువు.

ఎల్బోల దగ్గర ఆగి పని చేయాలి. బెల్టుల వైపు ఆల్టర్నేటర్ తీశాక టెన్షనర్ బ్రాకెట్ కనిపిస్తుంది. హీటర్‌కి పోయే కూలెంట్ ఈ బ్రాకెట్ లోపలి నుంచే నడుస్తుంది. ఒక ఎల్బో దాన్ని మానిఫోల్డ్‌తో కలుపుతుంది, రెండోది ముందు కవరుతో. రెండూ ప్లాస్టిక్, రెండూ వేడికి బిస్కెట్టులా మారి ఉంటాయి. లాగగానే పుటుక్కున విరిగి సగం ముక్క రంధ్రంలో ఉండిపోతుంది. విరుగుతుందనే అనుకుని దిగండి. రంధ్రంలో గుడ్డ ముక్క దూర్చి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఆ ప్లాస్టిక్ ఉంగరాన్ని లోపలికి వంచుతూ పగలగొట్టి, ఇరుకు ముక్కు ప్లయర్‌తో పెంకులన్నీ ఏరేయాలి. లోపల ఉండిపోయిన పెంకు హీటర్ కోర్‌లో ఇరుక్కుంటుంది. అల్యూమినియం గోడ మీద గీత పడితే కొత్త ఓ-రింగు అక్కడే కారుతుంది. కొత్తవి ప్లాస్టిక్‌లోనూ అల్యూమినియంలోనూ దొరుకుతాయి. గాస్కెట్‌కి చెప్పిన మాటే దీనికీ వర్తిస్తుంది, అల్యూమినియం తీసుకోండి. ఓ-రింగులకు కూలెంట్ రాసి దూర్చండి. గ్రీజు రాస్తే ఆ రబ్బరు ఉబ్బుతుంది.

మానిఫోల్డ్ ఎత్తే ముందు థర్మోస్టాట్ రంధ్రం లోంచి చేతి పంపుతో లోపల మిగిలిన కూలెంట్ తోడేయండి. ఎంత తోడితే అంత తక్కువ లిఫ్టర్ లోయలోకి (మానిఫోల్డ్ కింద, రెండు హెడ్ల మధ్య ఉండే గుంటలోకి) పడుతుంది. బోల్టులన్నీ తీశామనుకున్నాక కూడా మానిఫోల్డ్ కదలకపోతే పొడవాటి కడ్డీ వేసి తన్నకండి. మూలల్లో ఏటవాలుగా, బురద కప్పేసిన బోల్టు ఒకటి ఉండిపోయి ఉంటుంది. తుడిచి, టార్చి వేసి చూడండి. ఈ ఇంజన్‌లో ఒక పెద్ద ఊరట ఉంది. అదే కాలపు జీఎమ్ 3.1, 3.4 లీటర్ వీ6లలో ఈ పనికి వాల్వ్ కవర్లు విప్పి పుష్‌రాడ్లు (వాల్వులను తెరిచే కడ్డీలు) కూడా తీయాలి. వాటిలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రాడ్ల పొడవులు వేరు, తారుమారైతే నష్టం పెద్దది. 3800లో గాస్కెట్ పుష్‌రాడ్ల జోలికే పోదు.

శుభ్రం చేయడం మీదే అంతా

తీయగానే హెడ్ పోర్టుల్లో గుడ్డలు కుక్కి, లోయ మొత్తం గుడ్డలు పరవండి. పాత గాస్కెట్ అవశేషాలు ప్లాస్టిక్ గీకుడు బిళ్లతోనే తీయాలి. డ్రిల్లుకి తగిలించే గరుకు బిళ్లలు ఎంత ఆశ పెట్టినా వాడకండి. వాటి నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను నాశనం చేస్తోందని జీఎమ్ తన వర్క్‌షాపులకు ప్రత్యేకంగా బులెటిన్ పంపింది. ఆ పొడి కంటికి కనిపించదు, ఎంత తుడిచినా మిగిలిపోతుంది. బ్రేక్ క్లీనర్ కూడా నేరుగా చిమ్మకండి, గుడ్డ మీద వేసి తుడవండి.

మానిఫోల్డ్ తిరగేసి కూలెంట్ పోర్టుల చుట్టూ గోరుతో గీసి చూడండి. పాత కూలెంట్ అల్యూమినియాన్ని తిని చిన్న చిన్న గుంటలు చేస్తుంది. కొత్త గాస్కెట్‌ని దాని మీద పెట్టి, రబ్బరు గీత ఎక్కడ కూర్చుంటుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. గుంటలు గీతకు బయటే ఉంటే పర్వాలేదు. గీత కిందుగా లోపలి నుంచి బయటికి దారి చేసి ఉంటే మాత్రం ఏ గాస్కెట్టూ ఆపలేదు. మెషిన్ షాపులో ముఖం చదును చేయించాలి, లేదా జంక్‌యార్డు నుంచి ఇంకో మానిఫోల్డ్ తెచ్చుకోవాలి. సిలికాన్‌తో గుంటలు పూడ్చి పని కానిచ్చేయడం ఆరు నెలల ముచ్చట.

బోల్టుల మరలకు అంటిన పాత లాకర్‌ని వైరు బ్రష్‌తో వదిలించండి. హెడ్ రంధ్రాలను మరలు శుభ్రం చేసే చేజర్‌తో తిప్పండి. కొత్త మరలు కోసే ట్యాప్ పెడితే లోహం తగ్గిపోతుంది. రంధ్రంలో కూలెంట్ నిలిచి ఉంటే గాలి ఊది ఆరబెట్టండి. తడి రంధ్రంలో టార్క్ రెంచ్ టిక్కుమన్నా బోల్టు బిగిసినట్టు కాదు.

కూర్చోబెట్టడం, బిగించడం

గాస్కెట్లు పొడిగానే వేయాలి. కూలెంట్ పోర్టుల చుట్టూ సిలికాన్ రాయడం చాలామందికి అలవాటు, అది ఇక్కడ తప్పు. జారుడు పుట్టి రబ్బరు గీత పక్కకి తోసుకుపోతుంది. ఆర్‌టీవీ పని నాలుగు మూలల్లోనే, అంటే ఎండ్ సీలు హెడ్ గాస్కెట్టునూ బ్లాకునూ కలిసే చోట. ఒక్కో మూలకి బఠాణీ గింజంత. ఎక్కువైతే లోపలికి పొంగి, ఊడి, ఆయిల్ పంపు జాలీలో చేరుతుంది. తక్కువైతే గేర్‌బాక్స్ వైపు మూలలో ఆయిల్ చెమ్మ మొదలై కింద చుక్కలుగా పడుతుంది.

మానిఫోల్డ్ నిలువుగా, ఒక్కసారిగా దిగాలి. దించాక అటూ ఇటూ జరిపితే ఎండ్ సీళ్లు నలిగిపోతాయి. తల కోసేసిన పొడవాటి బోల్టులు రెండు ఎదురెదురు మూలల్లో వేసుకుంటే వాటి వెంబడే సూటిగా దిగుతుంది. తర్వాత ప్రతి బోల్టుకూ థ్రెడ్ లాకర్ చుక్క వేసి, అన్నీ వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో తిరగని బోల్టు అడ్డంగా మర పడుతోందని అర్థం.

టార్క్ 15 న్యూటన్ మీటర్లు, అంటే 11 పౌండ్-అడుగులు. చాలా తక్కువ. చక్రాల నట్లు బిగించే పెద్ద రెంచ్‌తో ఇంత చిన్న అంకె సరిగ్గా రాదు, టిక్కు వినపడకముందే దాటిపోతారు. అంగుళాల లెక్కలో ఉండే చిన్న టార్క్ రెంచ్ తెచ్చి 132 పౌండ్-అంగుళాలకు పెట్టుకోండి. మధ్య నుంచి బయటికి, ఒక వైపు తర్వాత ఇంకో వైపు. మొదటి చుట్టు సగం బిగువు, రెండో చుట్టు పూర్తి బిగువు, మూడో చుట్టు అదే అంకెతో సరిచూడటం. మూడో చుట్టులో మొదట బిగించిన బోల్టులు ఇంకాస్త తిరుగుతాయి, అవతలి మూల బిగిసేకొద్దీ గాస్కెట్ సర్దుకోవడమే దానికి కారణం. అల్యూమినియం ఫ్రేమ్‌తో నాలుగో చుట్టులో ఏ బోల్టూ కదలదు. నైలాన్‌తో అలా ఉండదు. ఈ గాస్కెట్ విలువ చేతికి తెలిసే క్షణం ఇదే.

సూపర్‌చార్జర్ బోల్టులకు 23 న్యూటన్ మీటర్లు, 17 పౌండ్-అడుగులు. దాని గాస్కెట్ కూడా పొడిగానే. కొత్త ఇంజెక్టర్ ఓ-రింగులకు చుక్క ఇంజన్ ఆయిల్ రాయండి. సూపర్‌చార్జర్‌కి సొంత ఆయిల్ ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌తో సంబంధం లేదు. జీఎమ్ దాన్ని 4 ఔన్సుల చిన్న సీసాలో అమ్ముతుంది. చల్లగా ఉన్నప్పుడే ప్లగ్ తీయాలి, వేడి మీద తీస్తే చిమ్ముతుంది. పాతది సిరంజితో లాగేసి, కారు సమతలంగా ఉండగా ప్లగ్ రంధ్రం మరల అడుగు అంచు దాకా కొత్తది నింపండి. మామూలు ఇంజన్ ఆయిల్ అందులో పోయకూడదు. పాత ఆయిల్ నల్లగా, ఘాటుగా కంపు కొడుతుంటే ఇన్నాళ్లూ ఎవరూ మార్చలేదన్నమాట.

ఇంత విప్పినప్పుడు వాల్వ్ కవర్ గాస్కెట్లు కూడా మార్చడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆయిల్ వాల్వ్ కవర్ దగ్గర కారి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడి మంటలు వచ్చే ప్రమాదం ఉందని 2008లో జీఎమ్ 1997-2003 గ్రాండ్ ప్రీ జీటీపీ, రీగల్ జీఎస్ కార్లు రెండు లక్షలకు పైగా రీకాల్ చేసింది. మీ కారుకి ఆ పని జరిగిందో లేదో విన్ నంబర్‌తో చూసుకోండి.

నింపడం, స్టార్ట్ చేయడం

ఆర్‌టీవీ ట్యూబు మీద ఎన్ని గంటలు ఆరాలని ఉంటే అన్ని గంటలూ ఆరనివ్వాలి. సాధారణంగా ఒక రాత్రి. ఆ తర్వాతే కూలెంటూ ఆయిలూ. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇత్తడి బ్లీడర్ స్క్రూ ఉంటుంది. దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేసి, బుడగలు ఆగి ధార వచ్చే దాకా మెల్లగా పోయండి. ఇత్తడి మెత్తన, గట్టిగా బిగిస్తే తల తెగుతుంది. స్టార్ట్ చేసే ముందే ప్రెషర్ టెస్టర్ ఇంకోసారి పెట్టండి. కారేది ఏదైనా ఉంటే ఇప్పుడే తెలియాలి.

ఇంజన్ ఆయిల్ 4.5 క్వార్టులు. పాత ఆయిల్ పైకి ఎంత శుభ్రంగా కనిపించినా వదలొద్దు, మానిఫోల్డ్ ఎత్తినప్పుడు కూలెంట్ కొంతైనా లోయలోకి పడే ఉంటుంది. మొదట చవక ఆయిల్, చవక ఫిల్టర్ వేసి, ఇంజన్ వేడెక్కేదాకా బూస్టు లేకుండా నడిపి దించేయండి. తర్వాత మంచి ఆయిల్ నింపండి. మొదటి కొన్ని నిమిషాలు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తే కంగారు పడకండి, సిలిండర్లలోకి జారిన కూలెంట్ ఆవిరవుతోంది. వేడెక్కాక కూడా ఆగకుండా తియ్యటి వాసనతో వస్తుంటే ఆపేసి వెతకాలి. ఐడిల్‌లో ట్రిమ్ ఇప్పుడు సున్నాకి దగ్గరగా రావాలి. రాకపోతే గాస్కెట్‌ని తిట్టే ముందు వాక్యూమ్ గొట్టాలూ థ్రాటిల్ బాడీ గాస్కెట్టూ చూడండి.

ఎవరు వేసుకోవచ్చు

మొదటిసారి చేసేవారికి శని, ఆదివారాలు రెండూ పడతాయి, మధ్యలో ఆర్‌టీవీ ఆరే రాత్రితో కలిపి. సోమవారం పొద్దున ఆఫీసుకి వేరే కారు లేనివారు సెలవు పెట్టుకుని మొదలుపెట్టడం నయం. అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో రిపేరు చేయకూడదని తరచూ రాసి ఉంటుంది, చదువుకోండి. నీడ ఉన్న గరాజు, ఒక తోడు మనిషి, అంగుళాల టార్క్ రెంచ్ ఉంటే ఇది ఇంట్లో అయ్యే పనే. ఈ మూడింటిలో ఏది లేకపోయినా గాస్కెట్లు మీరే కొని మెకానిక్‌కి ఇవ్వండి, అల్యూమినియం ఫ్రేమే వేయాలని బిల్లు మీద రాయించుకోండి. కూలెంట్ కలిసిన పాత ఆయిల్‌ని ఆయిల్ తీసుకునే షాపులు సాధారణంగా తీసుకోవు. కౌంటీ వారి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వాలి.

మొదటి వారం రోజూ పొద్దున, చల్లటి ఇంజన్ మీద కూలెంట్ మట్టం చూడండి. మొదటి రెండు మూడు రోజులు లోపల చిక్కుకున్న గాలి వదిలి కాస్త దిగడం మామూలే. ఆ తర్వాత కూడా దిగుతుంటే మానిఫోల్డ్ మళ్లీ విప్పేయకండి, ముందు ఆల్టర్నేటర్ కింద ఎల్బోల దగ్గర వేలు పెట్టి తడి చూడండి.